వార్తను ఏ ఎత్తు నుంచి తీశారు?

జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల సభ్యులు 1990ల చివర్లో వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది దళిత మహిళలు, చిన్న కమతాల రైతులు, బడి ముఖం చూడనివాళ్లు. కెమెరా కోణాలకు వాళ్లు తమ బతుకులోంచే పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసేది పటేల్ షాట్. కిందినుంచి తలెత్తి చూసేది బానిస షాట్. ఎదుటి మనిషి కళ్లకు సరిసమానంగా కెమెరా ఉంచి తీసేది సంఘం షాట్. సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు కాబట్టి ఆ పేరు. తమ సినిమాలు సంఘం షాట్‌లోనే ఉండాలని వాళ్లు నిర్ణయించుకున్నారు.

పత్రిక చదవడానికి ఇంతకన్నా పదునైన పనిముట్టు నాకు ఏ జర్నలిజం పాఠ్యపుస్తకంలోనూ దొరకలేదు. రేపు పొద్దున పేపరు తెరిచి ఏ వార్తనైనా ఈ మూడు పేర్లతో కొలిచి చూడండి. మంత్రి చెక్కు ఇస్తున్నాడు, ముసలమ్మ రెండు చేతులా అందుకుంటోంది. ఆ ఫొటో ఎక్కణ్నుంచి తీశారు? వార్తలో మంత్రి మాటలు ఎన్ని లైన్లు, ఆ ముసలమ్మ మాటలు ఎన్ని? అసలు ఆమె పేరుందా, ‘లబ్ధిదారులు’ అన్న గుంపులో కలిసిపోయిందా?

వార్తలను విమర్శతో చదవడం గురించి ప్రపంచంలో చాలా ఆలోచన జరిగింది. 1965లో యొహాన్ గాల్టుంగ్, మారి రూగె ఏ సంఘటన వార్తవుతుందో, ఏది కాకుండా పోతుందో పరిశీలించారు. పెద్దవాళ్లకు, పెద్ద దేశాలకు జరిగింది వార్తవుతుందని, నెమ్మదిగా జరిగేది కాదని తేల్చారు. 1972లో మెక్‌కోంబ్స్, షా జనం దేన్ని ముఖ్యమనుకుంటారో పత్రికలు ఎంతగా నిర్ణయిస్తాయో చూపారు. 1988లో హెర్మన్, చామ్‌స్కీ యాజమాన్యం, ప్రకటనల ఆదాయం, అధికార వర్గాల సమాచారం అనే జల్లెడల గురించి రాశారు. ఇవన్నీ వార్త ఎలా తయారవుతుందో చెప్పే సిద్ధాంతాలు. చదివేవాళ్లకు ఆ చూపు ఎలా అబ్బుతుందన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు గత పదేళ్లలోనే కొంత తేటపడింది, అదీ ఎక్కువగా మన దేశంలోనే.

మొదట అందరూ చిట్కాల జాబితాలను నమ్మారు. శీర్షికను అనుమానించు, మూలం చూడు, ఫొటో సరిచూసుకో, తేదీ చూడు. ఇలాంటి చిట్కాలు ఎంత పనిచేస్తాయో అమెరికాలోనూ ఇండియాలోనూ పరీక్షించిన అధ్యయనం ఒకటి 2020లో వెలువడింది. అమెరికన్లకు, ఇంటర్నెట్‌లో తిరిగే చదువుకున్న భారతీయులకు అవి కొంత ఉపయోగపడ్డాయి. ఉత్తరాది పల్లెల్లో ఏమీ మారలేదు. సుమిత్ర బద్రీనాథన్ 2019 ఎన్నికల వేళ బీహార్‌లో 1,224 మందితో చేసిన ప్రయోగంలోనూ అంతే. మనిషికి గంటసేపు కూర్చుని నేర్పితే సగటున ఫలితం కనిపించలేదు. ఆమె, ఆమె సహచరులు అక్కడితో ఆగలేదు. అదే బీహార్‌లో 583 గ్రామాల్లో 13,500 మంది విద్యార్థులతో వారాల తరబడి తరగతి గదిలో ఇదే పని చేశారు. ఈసారి ఫలితం స్పష్టంగా కనిపించింది, నెలల తర్వాతా నిలిచింది, పిల్లల నుంచి తల్లిదండ్రులకూ పాకింది. గంట పాఠం చేయలేని పని వారాల సాధన చేసింది.

ఇంకో అధ్యయనం స్టాన్‌ఫర్డ్‌లో శామ్ వైన్‌బర్గ్, సారా మెగ్రూ చేసింది. పది మంది చరిత్ర ఆచార్యులు, పాతిక మంది విద్యార్థులు, పది మంది వృత్తి నిజనిర్ధారకులు. వాళ్లందరికీ కొన్ని వెబ్ పేజీలు ఇచ్చి ఏది నమ్మదగిందో చెప్పమన్నారు. ఆచార్యులు, విద్యార్థులు ఆ పేజీనే పైనుంచి కింది దాకా శ్రద్ధగా చదివి చాలాసార్లు మోసపోయారు. నిజనిర్ధారకులు పేజీ తెరిచిన కాసేపటికే దాన్ని వదిలి, ఈ సంస్థ గురించి బయటివాళ్లు ఏమంటున్నారో వెతికారు. త్వరగా, సరిగ్గా తేల్చింది వాళ్లే. ఒక వ్యాసాన్ని పట్టుకుని ఎంత చదివినా అందులో చెప్పని సంగతి అందులోంచి బయటపడదు. దాని పక్కన ఇంకోటి పెట్టి చదివితేనే తెలుస్తుంది.

పక్కన పెట్టి చదవడానికి జహీరాబాద్ కన్నా వీలైన ఊరు మన రాష్ట్రంలో అరుదు. ఇటు తెలుగు, అటు బీదర్ నుంచి కన్నడం, పట్టణమంతా ఉర్దూ, అక్కడక్కడా మరాఠీ. ఇక్కడి హోటల్లో ఒకే బల్ల మీద 1949 నుంచి వస్తున్న ఉర్దూ దినపత్రిక సియాసత్, ఒక తెలుగు దినపత్రిక కలిసి కనిపించడం వింత కాదు. ఒకే సంఘటన మీద ఈ రెండూ ఎవరిని మాట్లాడించాయో, ఎవరిని వదిలేశాయో చూడటం పదో తరగతి పిల్లలు కూడా చేయగలిగిన పని. ఇన్ని భాషలు నోట్లో ఆడే పట్టణానికి ఈ వసతి పుట్టుకతోనే దొరికింది.

ఇక పత్తి సంగతికి వస్తాను. వార్తను, వ్యాసాన్ని నిగ్గు తేల్చడమంటే ఏమిటో చూపించడానికి తెలుగు నేల మీద ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

2002 మార్చిలో కేంద్రం మాహికో కంపెనీ జన్యుమార్పిడి (బీటీ) పత్తి హైబ్రిడ్లు మూడింటికి అనుమతి ఇచ్చింది. ఆ వానాకాలం వరంగల్ జిల్లాలో రైతులు వాటిని వేశారు. 2003 ఫిబ్రవరిలో అంతర్జాతీయ ‘సైన్స్’ పత్రికలో మతీన్ ఖైమ్, డేవిడ్ జిల్బర్‌మన్‌ల వ్యాసం వచ్చింది. భారతదేశంలో బీటీ పత్తి దిగుబడి మామూలు పత్తికన్నా 80 శాతం ఎక్కువ అన్నది దాని సారాంశం. అంత పేరున్న పత్రికలో వచ్చిన అంకె కాబట్టి అది దేశదేశాల పత్రికల శీర్షికల్లోకి ఎక్కింది. రైతులు అప్పటికి ఒక వాణిజ్య పంట తీశారు కదా, ఈ 80 శాతం ఆ పంటదే అని మామూలు పాఠకుడు అనుకోవడంలో తప్పేమీ లేదు. కానీ అది ఆ పంటది కాదు. 2001లో, అనుమతికి ముందు, కంపెనీ వేయించిన ప్రయోగ క్షేత్రాల లెక్క అది. ఆ ఏడు కాయతొలుచు పురుగు ఉధృతి కూడా ఎక్కువ. పురుగు విపరీతంగా ఉన్న ఏడాది, పురుగును తట్టుకునే విత్తనం మామూలు విత్తనంకన్నా ఎంతో మెరుగ్గా కనబడటం సహజమే. వ్యాసం లోపల ఈ సంగతులు రాసే ఉన్నాయి. శీర్షికల దాకా అవి రాలేదు.

అదే కాలంలో పస్తాపూర్ మహిళలు కెమెరాలు పట్టుకుని వరంగల్ పల్లెలకు వెళ్లారు. విత్తనం వేసినప్పటి నుంచి పత్తి అమ్మేదాకా రైతుల దగ్గరికి మళ్లీ మళ్లీ పోయి వాళ్ల మాటలే రికార్డు చేశారు. వరంగల్ రైతులకు బీటీ పత్తి మీద కోపం ఎందుకొచ్చిందో చెప్పే ఆ సినిమా 2003లో వచ్చింది, ఎన్నో దేశాల్లో చూశారు. దాంతోపాటు అబ్దుల్ ఖయ్యూం, కిరణ్ సక్కరి అనే ఇద్దరు శాస్త్రవేత్తలు రైతుల చేలల్లో ఖర్చు, దిగుబడి, రాబడి లెక్కలు తీశారు. వరంగల్‌లో ఆ విత్తనాలు వేసిన రైతులు నష్టపోయారని ఆ లెక్కలు చెప్పాయి. 2005 మేలో ఆ మూడు హైబ్రిడ్లకు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి కొనసాగించడానికి, జన్యుమార్పిడి పంటల అనుమతులు చూసే కేంద్ర కమిటీ ఒప్పుకోలేదు.

ఇక్కడ ఆగితే ఇది మనవాళ్లు గెలిచిన కథ అవుతుంది. ఆగకూడదు. దక్కన్ సొసైటీ జన్యుమార్పిడి పంటలకు బహిరంగంగా వ్యతిరేకం. కంపెనీ వేయించిన క్షేత్రాల నుంచి వచ్చిన లెక్కను ఎంత నిలదీస్తామో, ఉద్యమం తీసిన లెక్కనూ అంతే నిలదీయాలి. ఏ రైతులను ఎంచుకున్నారు? ఎంతమందిని? మామూలు పత్తి వేసిన పక్క చేనుతో పోల్చారా? ఆ పరీక్షకు బయటి సాక్ష్యం తోడుందా అని వెతికితే, ఉంది. అది అవతలి పక్షం నుంచే వచ్చింది. అదే మతీన్ ఖైమ్ సహచరులతో కలిసి 2002-03 పంట మీద నాలుగు రాష్ట్రాల రైతుల దగ్గర సర్వే చేసి 2006లో ప్రచురించాడు. అందులో సగటు దిగుబడి పెంపు 80 శాతం నుంచి 34 శాతానికి దిగింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ మేలు కూడా కనిపించలేదు. వరంగల్ రైతులు కెమెరా ముందు చెప్పిన మాటే మూడేళ్ల తర్వాత అంకెల్లో వచ్చింది. ఇంకో సంగతీ దాచకూడదు. తర్వాతి ఏళ్లలో వేరే బీటీ విత్తనాలు వచ్చాయి, ఇవాళ తెలంగాణ పత్తి చేలలో దాదాపు అంతా బీటీయే. గులాబీ రంగు పురుగు దానికీ లొంగకుండా తయారై మళ్లీ రైతును ఏడిపిస్తోంది. 2003లో అటు శీర్షికలు రాసినవాళ్లూ, ఇటు శీర్షికలు రాసినవాళ్లూ చెప్పని కథ ఇది. అందుకే ఏ వార్త చదివినా అది ఏ ఏటి పంట, ఎవరి చేను, ఎవరు కొలిచారు అని మూడూ అడగాలి. ఆ మూడింటికీ జవాబు లేని అంకెను నేను నమ్మను.

పత్తి దగ్గరే ఇంకో పాఠం ఉంది. మన ఆదిలాబాద్‌కు ఆనుకున్న యవత్మాల్ జిల్లాలో భాంబ్‌రాజా, అంతర్‌గావ్ అని రెండు ఊళ్లు. బీటీ పత్తితో అక్కడ బంగారం పండుతోందని, ఆత్మహత్యలే లేవని టైమ్స్ ఆఫ్ ఇండియా నాగ్‌పూర్ ఎడిషన్ 2008 అక్టోబరు 31న పూర్తి పేజీ కథనం ఇచ్చింది. 2011 ఆగస్టు 28న అదే కథనం అవే మాటలతో మళ్లీ వచ్చింది, ఈసారి ప్రకటనగా. 2012లో పార్లమెంటరీ స్థాయీ సంఘం భాంబ్‌రాజాకు వెళ్తే, తమ ఊళ్లో 14 ఆత్మహత్యలు జరిగాయని అక్కడి రైతులు చెప్పారు. ఈ ముక్కలన్నిటినీ కలిపి బయటపెట్టింది పాత్రికేయుడు పి. సాయినాథ్, ‘ది హిందూ’లో, 2012 మేలో. ఆయన చేసింది మాయ కాదు. పాత పేపరు తీసి కొత్త పేపరు పక్కన పెట్టాడు, ఆ తర్వాత ఊరికి పోయి అడిగాడు. చిన్న అక్షరాల్లో పేజీ మూల ఏం రాసి ఉందో చూడటం ఈ పనిలో మొదటి మెట్టు.

డబ్బిచ్చి రాయించుకునే వార్తల మీద మన దేశంలో జరిగిన అతి ముఖ్యమైన విచారణలో ఒక తెలుగు పాత్రికేయుడున్నాడు. 2009 ఎన్నికల తర్వాత ప్రెస్ కౌన్సిల్ కోసం పరంజయ్ గుహా ఠాకుర్తా, కె. శ్రీనివాస్ రెడ్డి కలిసి 71 పేజీల నివేదిక రాశారు. పత్రికల పేర్లు, సాక్ష్యాలు అన్నీ అందులో ఉన్నాయి. 2010 జూలైలో కౌన్సిల్ దాన్ని పక్కనపెట్టి 13 పేజీల పొట్టి రూపాన్ని విడుదల చేసింది. పూర్తి పాఠం సమాచార కమిషన్ ఆదేశం తర్వాత 2011లో గానీ బయటికి రాలేదు. పత్రికల తప్పును పత్రికల పెద్దలే దాచాలని చూసిన ఈ ఉదంతాన్ని ప్రతి జర్నలిజం విద్యార్థికీ చెప్పాలి.

మన తెలుగు పత్రికలకు ఇంకో పొర ఉంది, దాన్ని బయటి సిద్ధాంతాలు పట్టుకోలేవు. ఎవరి పత్రిక ఎవరిదన్నది చాలామందికి తెలుసు. సాక్షి ఎవరి కుటుంబానిదో, నమస్తే తెలంగాణ ఏ పార్టీకి దగ్గరో, నవ తెలంగాణ ఏ పార్టీ చూపుతో రాస్తుందో టీ కొట్టు దగ్గర కూర్చున్నవాళ్లంతా చెబుతారు. కింది పొర సంగతి మాత్రం తక్కువమంది గమనిస్తారు. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టిన తర్వాత మండలానికొక విలేకరి వచ్చాడు. పల్లె పేపరుకెక్కింది, అది నిజంగా గొప్ప మార్పు. ఆ విలేకరికి చాలా చోట్ల జీతం ఉండదు. లైన్ల లెక్కన ఇచ్చేది పెట్రోలుకు కూడా చాలదు. పంద్రాగస్టుకు, ఉగాదికి, లీడర్ల పుట్టినరోజులకు ప్రకటనలు తెచ్చే బాధ్యతా అతనిదే. నిన్న ప్రకటన ఇచ్చిన సర్పంచి మీద ఇవాళ అతను వార్త రాయాలి. అది అతని తప్పు కాదు, అతన్ని అక్కడ నిలబెట్టినవాళ్ల తప్పు. మండల వార్తలో రాసిన దానికన్నా రాయనిది ఎందుకు పెద్దదో దీంతో అర్థమవుతుంది. భుజం తట్టాల్సిన విలేకరి కూడా ఆ మండలాల్లోనే ఉన్నాడు, ఒత్తిడి మధ్యే నిజం రాస్తున్నాడు. అతని పేరు గుర్తుపెట్టుకుని చదవాలి.

వాక్యాలు ఎలా నడుస్తున్నాయో చూసినా చాలా తెలుస్తుంది. ‘చర్చ జరుగుతోంది’, ‘పలువురు ఆరోపిస్తున్నారు’, ‘విశ్వసనీయ వర్గాల భోగట్టా’, ‘స్థానికులు కోరుతున్నారు’ అని ఉంటే ఆ పలువురు ఎవరో వెతకాలి. వార్తంతా చదివినా ఒక్క మనిషీ దొరక్కపోతే అది విలేకరి అభిప్రాయమో, అతనికి చెప్పినవాళ్ల అభిప్రాయమో. రైతు చనిపోయిన వార్తలో ‘కుటుంబ కలహాలతో’ అన్న మాట ఎవరు చెప్పారు? ఠాణాలో రాసుకున్న మాటా, ఇంట్లోవాళ్లు చెప్పిన మాటా? కౌలు రైతు కుటుంబానికి రావాల్సిన పరిహారం ఆ ఒక్క మాటతో ఆగిపోవచ్చు. వారపత్రికల వ్యాసాలు ఇలా చిక్కవు, వాటి బలం వాదనలో ఉంటుంది. అక్కడ చూడాల్సింది రచయిత తనకు ఎదురొచ్చే ఉదాహరణను ఎత్తుకున్నాడా లేదా అన్నది. తన వాదనకు అడ్డం వచ్చేది ఒక్కటీ లేని వ్యాసం నన్ను భయపెడుతుంది.

జహీరాబాద్ గురించి ఈ మధ్య వచ్చిన అతి పెద్ద వార్త 2024 ఆగస్టు 28న వచ్చింది. దేశంలో 12 పారిశ్రామిక స్మార్ట్ నగరాలకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం ఇచ్చింది, అందులో జహీరాబాద్ ఒకటి. మొదటి దశలో 3,245 ఎకరాలు, 2,361 కోట్ల రూపాయల ఖర్చు, 1.74 లక్షల మందికి ఉపాధి అని వార్త. కాగితం, కలం తీసుకుని భాగించండి. ఎకరానికి దాదాపు 54 ఉద్యోగాలు. రోడ్లు, నీటి ట్యాంకులు, పచ్చదనం, గోదాములు అన్నీ ఆ ఎకరాల్లోనే పోవాలి. 2011 జనాభా లెక్కల్లో జహీరాబాద్ పట్టణం మొత్తం సుమారు 71 వేలు. అంటే పట్టణ జనాభాకు రెండింతలకు మించిన ఉద్యోగాలు. అసాధ్యం అని నేననను. చెన్నై, పుణె చుట్టుపక్కల పరిశ్రమలు పెద్ద సంఖ్యలో జనాన్ని తీసుకున్నాయి. కానీ ఇది అంచనా. ఎన్నేళ్లలో, ఎలాంటి పరిశ్రమలొస్తే, పర్మినెంటా కాంట్రాక్టా, అందులో న్యాల్‌కల్, ఝరాసంగం పిల్లలకు దక్కేవెన్ని అన్న ప్రశ్నలు లేకుండా ఆ అంకెను అచ్చేస్తే అది ప్రకటనే. ఈ రెండు మండలాల్లోని 17 గ్రామాల్లో 12,635 ఎకరాల పారిశ్రామిక జోన్ కోసం భూసేకరణ దశాబ్దానికి పైగా నలుగుతోంది. ఆ పదేళ్ల వార్తలను వరసగా పేర్చి చదివితే తెలిసేది ఏ ఒక్క రోజు పేపరులోనూ తెలియదు. ఎర్రనేలలో జొన్న, కంది కలిపి పండించే రైతు ఆ వార్తల్లో ఎన్నిసార్లు మాట్లాడిందో, ఎన్నిసార్లు ఆమె భూమి ‘బీడు’ అయిపోయిందో లెక్కపెట్టడం ఒక మంచి పరిశోధనాంశం. ఎవరైనా డిగ్రీ విద్యార్థులు చేపడితే బాగుంటుంది.

చదవడం రాకపోతే ఏమవుతుందో కూడా ఈ ప్రాంతానికి తెలుసు. 2018 జూలై 13న బీదర్ జిల్లా ముర్కి దగ్గర హైదరాబాద్ యువకుడొకడిని జనం కొట్టి చంపారు. అతని బృందం పిల్లలకు చాక్లెట్లు ఇచ్చింది. వాళ్లు పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా అని వాట్సాప్‌లో మెసేజ్ పాకింది. అదే ఏడాది జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల ఎస్పీ రెమా రాజేశ్వరి ఇలాంటి పుకార్లకు ఎదురుగా పోలీసులను, కళాకారులను ఊరూరా పంపి, పాటలతో డప్పులతో దాదాపు 400 గ్రామాలకు చెప్పించారు. అక్కడ ప్రాణాలు పోలేదు. ఇప్పుడు మెసేజ్‌తో పాటు ఏ పత్రిక పేరుతోనో తయారుచేసిన కత్తిరింపు కూడా వస్తోంది. ఆ తేదీ ఈ-పేపరు తెరిచి ఆ పేజీ ఉందో లేదో చూడటానికి రెండు నిమిషాలు చాలు. హైదరాబాద్‌లోని ఫ్యాక్ట్‌లీ, న్యూస్‌మీటర్ వంటి నిజనిర్ధారణ సంస్థలు తెలుగులోనే ఇలాంటివి తేల్చి పెడుతున్నాయి.

విమర్శ అంటే తప్పు పట్టడమే అని కొందరికి అభిప్రాయం. తెలంగాణలో దానికి ఇంకో సంప్రదాయం ఉంది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరని ఒకాయన రాస్తే, 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టిన సురవరం ప్రతాపరెడ్డి తిట్టు రాయలేదు. ఊరూరా వివరాలు తెప్పించి 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చేశారు. ఒక వాక్యానికి ఒక గ్రంథం జవాబు. తప్పుడు వ్యాసాన్ని ఎదుర్కోవడానికి సాక్ష్యం కూడగట్టడాన్ని మించిన దారి నాకు కనిపించడం లేదు.

ఈ సమీక్షంతా నన్ను ఒక తీర్పుకు తెచ్చింది. వార్తను నిలదీసి చదవడం వార్తను తయారుచేసేవాళ్లకే బాగా వస్తుంది. పస్తాపూర్ మహిళలకు అక్షరాల కన్నా ముందు కెమెరా వచ్చింది. ఒక మనిషిని ఎక్కడ నిలబెట్టి తీస్తే ఎలా కనబడతాడో చేతులతో తెలుసుకున్నవాళ్లను ఇంకొకరి ఫొటో తేలిగ్గా మోసం చేయలేదు. ఆ సంఘాల మహిళలే 2008 అక్టోబరు 15న మాచునూరులో సంఘం రేడియో ప్రసారాలు మొదలుపెట్టారు. తమ పంటలు, తమ వంటలు, తమ జబ్బులు, తమ పాటలు తమ యాసలోనే చెబుతున్నారు. 2006 మార్గదర్శకాలు మాత్రం సామాజిక రేడియోలో వార్తలు, రాజకీయ విషయాలు చెప్పరాదన్నాయి. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో చెప్పిన దేశంలో, ఊరి వార్త చెప్పే హక్కు ఊరి రేడియోకు లేకపోవడం అన్యాయం. దాన్ని మార్చాలి.

మార్చేదాకా చేయగలిగింది జహీరాబాద్, కోహీర్, ఝరాసంగం, న్యాల్‌కల్ ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయుల చేతుల్లో ఉంది. వారానికి ఒక్క పీరియడ్ ఇవ్వండి. ఆ వారం మీ మండలం గురించి వచ్చిన ఒక వార్తను తెలుగు, ఉర్దూ, కన్నడ పత్రికల్లోంచి కత్తిరించి పిల్లలకివ్వండి. అందులో ఎవరు మాట్లాడారో రాయమనండి. మాట్లాడనివాళ్ల ఇంటికి పంపి, వాళ్ల మాట అడిగి తెచ్చి, అదే వార్తను మళ్లీ రాయించండి. ఏడాది పాటు వదలకుండా చేయండి.